ఆలూ లేదు చూలూ లేదు: హాకీ కుర్రాళ్ళ మీద మనం చెప్పిన జోస్యాలు, తగిలినవీ తప్పినవీ

మంచుగడ్డ (మాంట్రియల్):
2025 ఆగస్టు నెల. ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ పెద్ద లీగ్) మ్యాచ్‌లు లేవు, ట్రేడ్లు లేవు, ఊరికే కూర్చుని ఒకరి జెర్సీని ఒకరం తిట్టుకోవడం తప్ప పని లేదు. అందుకని పాత బాకీలు తేల్చుకుందాం. డ్రాఫ్ట్ రాగానే 18 ఏళ్ళ పిల్లలకి మనందరం జాతకాలు రాసేస్తాం కదా. మీరు రాసినవాటిలో అచ్చంగా తగిలింది ఒకటి, పరువు తీసింది ఒకటి చెప్పండి. షరతు ఒక్కటే. తగిలిందనేవాళ్ళు పాత పోస్టు చూపించాలి. తప్పిందనేవాళ్ళకి సాక్ష్యం అక్కర్లేదు, ఆ విషయంలో ఎవరూ అబద్ధమాడరు.

ముందు నాది. 2022 జులై 7, బెల్ సెంటర్. డ్రాఫ్ట్ మా ఊళ్ళో, మొదటి పిక్ (ఎంపిక) మాదే. ఎలాగో టికెట్ సంపాదించి పై వరసలో కూర్చున్నా. రెండేళ్ళుగా అందరి నోటా షేన్ రైట్ పేరే. స్టేజీ మీంచి యురాయ్ స్లాఫ్‌కోవ్‌స్కీ అని వినపడేసరికి హాలు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. నా పక్కనున్న ముసలాయన టోపీ తీసి మోకాలికి తగిలించి, దాని వంకే చూస్తూ కూర్చున్నాడు. ఇంటికెళ్తూ మెట్రోలో రాశా: "బీజింగ్ ఒలింపిక్స్‌లో నాలుగు రోజులు మెరిశాడని రెండేళ్ళ ఆటని పక్కన పెట్టారు. పదేళ్ళు ఏడవాల్సిన పిక్ ఇది." రైట్ నాలుగోవాడిగా సియాటిల్‌కి పోయాడు.

మొదటి ఏడాది స్లాఫ్ ఆడింది 39 మ్యాచ్‌లు, చేసింది 10 పాయింట్లు (గోల్స్, గోల్‌కి ఇచ్చిన పాస్‌లు కలిపి), ఆపైన గాయం. అప్పుడు నా పోస్టుని నేనే మళ్ళీ పైకి తెచ్చి మురిసిపోయా. రెండో ఏడాది 82 మ్యాచ్‌లు, 20 గోల్స్, 50 పాయింట్లు. ఎనిమిదేళ్ళ కాంట్రాక్టు. ఆ పోస్టు తీసెయ్యలేదు, ఇంకా అక్కడే ఉంది, వెళ్ళి నవ్వుకోండి.

తగిలింది కూడా ఆ డ్రాఫ్ట్‌లోదే. రెండో రౌండ్, 62వ పిక్, లేన్ హట్సన్. "ఎత్తు చూడకండి, పక్ ఇతని దగ్గరుంటే రింక్ పెద్దదైనట్టు ఉంటుంది" అని రాశా (పక్ అంటే బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ, రింక్ అంటే మంచు మైదానం). 2025లో కాల్డర్ ట్రోఫీ (కొత్త ఆటగాళ్ళలో ఉత్తముడికిచ్చేది), డిఫెన్స్‌మన్ అయ్యుండి 66 పాయింట్లు. లింకు కింద పెట్టా.

గుంటూరు గోపి:
హాకీ అని చూసి, మన ధ్యాన్ చంద్ హాకీ అనుకుని లోపలికొచ్చానండి. తీరా చూస్తే మంచు గొడవ. వెళ్ళిపోయేవాణ్ణే, ఆ టోపీ ముసలాయన దగ్గర ఆగిపోయా. ఈ డ్రాఫ్ట్ అంటే ఏంటి, ఐపీఎల్ వేలం లాంటిదా?

బ్రాంప్టన్ బాబాయ్:
వేలం కాదు గోపీ, ఇక్కడ పాట లేదు. 32 జట్లు, ఏడు రౌండ్లు. పట్టికలో అడుగున మిగిలినవాళ్ళకి ముందు ఎంచుకునే వీలు, అదీ లాటరీ తీసి. పేరు చదివారంటే ఆ కుర్రాడి మీద హక్కు ఆ జట్టుది. ఒకరిద్దరు వెంటనే పెద్ద లీగ్‌లో ఆడతారు, మిగతావాళ్ళకి మూడు నాలుగేళ్ళు, చాలామంది అసలు రానే రారు. పెళ్ళిచూపుల్లో ఉప్మా తింటూ అమ్మాయి నూరేళ్ళ సంసారం ఎలా చేస్తుందో చెప్పడం లాంటిది.

ఇక నా తప్పు. నేను కెనడాలో దిగింది 2004 సెప్టెంబరు. అందరూ హాకీ హాకీ అంటుంటే చూద్దామనుకున్నా. ఆ నెలలోనే లాకౌట్, సీజన్ మొత్తం రద్దు. ఏడాదిపాటు ఆడని ఆట గురించి ఆఫీసులో వింటూ గడిపా. కాబట్టి నేను నిజంగా కూర్చుని చూసిన మొదటి పెద్ద టోర్నీ వాంకూవర్‌లో జరిగిన 2006 వరల్డ్ జూనియర్స్ (20 ఏళ్ళలోపు కుర్రాళ్ళ ప్రపంచ పోటీ). మా కెనడా గోలీ (గోల్‌కీపర్) జస్టిన్ పోగీ. మూడు షటౌట్లు (ఒక్క గోలూ ఇవ్వని మ్యాచ్‌లు), ఫైనల్లో రష్యా మీద 5-0. టొరొంటో ప్రాస్పెక్టే (డ్రాఫ్ట్‌లో తీసుకున్న కుర్రాడే)! నాకు పూనకం వచ్చినంత పనైంది. అదే టోర్నీలో ఉత్తమ గోలీ అవార్డు ఎవరికి ఇచ్చారో తెలుసా? ఫిన్లాండ్ వాడు టూకా రాస్క్‌కి. అతనూ టొరొంటో ప్రాస్పెక్టే, 2005లో 21వ పిక్. కళ్ళ ముందు జరిగింది, అయినా నాకు కనపడలేదు. మెడలో బంగారం ఉన్నవాడే కనపడ్డాడు.

ఆ జూన్‌లో రాస్క్‌ని బోస్టన్‌కి ఇచ్చి ఆండ్రూ రేక్రాఫ్ట్‌ని తెచ్చుకున్నారు. "మనకి పోగీ ఉన్నాడు, ఒకణ్ణి అమ్ముకుంటే తప్పేంటి?" అని ఆదివారం సత్యనారాయణ వ్రతం భోజనాల దగ్గర పదిమందికి పాఠం చెప్పా. పోగీ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడింది 7 మ్యాచ్‌లు. రాస్క్‌కి 2014లో వెజినా (లీగ్ ఉత్తమ గోలీ ట్రోఫీ).

2013 మే 13, ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌లు) బోస్టన్‌తో ఏడో మ్యాచ్, మూడో పీరియడ్‌లో 4-1తో ముందున్నాం. అవతలి గోల్‌లో రాస్క్. మా బేస్‌మెంట్‌లో పన్నెండుమంది ఉన్నారు. 4-2 అయింది, పర్లేదనుకున్నాం. చివరి నిమిషంన్నరలో మా ఆవిడ టీ కప్పుల ట్రే పట్టుకుని మెట్లు దిగుతోంది. ఆవిడ మొదటి మెట్టు మీద ఉండగా 4-3, ఆఖరి మెట్టుకొచ్చేసరికి 4-4. ఓవర్‌టైంలో ఓడాం. ఆ టీ ఎవరూ తాగలేదు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. వ్రతం రోజు పాఠం అందరికీ గుర్తుంది.

తగిలినవి నాకు లేవు. ఉన్నాయనుకుని పాత పోస్టులు వెతికా, లేవు.

ఎడ్మంటన్ ఎల్లారెడ్డి:
బాబాయ్, మీకు ఒక్క గోలీయే. మాకు వరసగా మూడేళ్ళు మొదటి పిక్. 2010 టేలర్ హాల్, 2011 రయాన్ న్యూజెంట్-హాప్కిన్స్, 2012 నెయిల్ యాకుపోవ్. మూడోవాడి జెర్సీ కొన్నా, 64 నంబరు. 2013 జనవరిలో లాస్ ఏంజెలెస్ మీద 4.7 సెకన్లు ఉందనగా స్కోరు సమం చేసి, రింక్ ఈ చివర నుంచి ఆ చివరికి మోకాళ్ళ మీద జారుకుంటూ వెళ్ళాడు చూడండి, ఆ రాత్రి రాశా: "పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది. ఈ పదేళ్ళలో మన మొదటి 50 గోల్స్ వీరుడు ఇతనే." ఆ పొట్టి సీజన్‌లో 48 మ్యాచ్‌ల్లో 17 గోల్స్ చేశాడు కూడా. మొత్తం కెరీర్ 350 మ్యాచ్‌లు, 62 గోల్స్. 2018 తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌లో లేడు. జెర్సీ ఇప్పుడు మంచు ఎత్తేటప్పుడు కోటు మీద వేసుకుంటా. గట్టి గుడ్డ, ఎక్కడా చిరగలేదు.

ఇంకా ఘోరం ఉంది. 2014లో మూడో పిక్ లియోన్ డ్రైసైటిల్. 37 మ్యాచ్‌లు ఆడించి, 9 పాయింట్లే వచ్చాయని మళ్ళీ జూనియర్స్‌కి కెలోనా పంపేశారు. "స్కేటింగ్ బరువు, ఎక్కడ నిలబడాలో తెలియదు, ఎవరైనా మంచి గోలీని ఇస్తే ఇచ్చెయ్యండి" అని రాశా. దానికి చాలామంది లైకులు కొట్టారు, వాళ్ళ పేర్లూ నా దగ్గరున్నాయి. 2020లో 110 పాయింట్లతో లీగ్ టాపర్, హార్ట్ ట్రోఫీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చేది). 2025లో 52 గోల్స్.

ఒకణ్ణి 48 మ్యాచ్‌లు చూసి ఆకాశానికెత్తా, ఇంకొకణ్ణి 37 మ్యాచ్‌లు చూసి పాతాళానికి తోశా.

ఫ్రిస్కో శీను:
ఎల్లారెడ్డన్నా, ఆ జెర్సీ అమ్మితే చెప్పు.

నాది 2017. లాటరీలో అనుకోకుండా డాలస్‌కి మూడో పిక్ తగిలింది. ఆ ఏడాది కొలరాడో జట్ల పట్టికలో 48 పాయింట్లతో అడుగున ఉండి కూడా నాలుగుకి జారిపోయింది, వాళ్ళ ఫ్యాన్స్ ఏడుపు చూసి పండగ చేసుకున్నా. నాకు కావాల్సింది నోలన్ పాట్రిక్. ఉత్తర అమెరికా స్కేటర్లలో లీగ్ స్కౌటింగ్ సంస్థ నంబర్ వన్ ఇచ్చిందతనికే. "దేవుడా, పాట్రిక్ మూడు దాకా రావాలి" అని మొక్కుకున్నా, నిజంగా, గుడికి వెళ్ళి. నికో హిషియర్ న్యూజెర్సీకి, పాట్రిక్ ఫిలడెల్ఫియాకి పోయారు. మాకు మీరో హైస్కనెన్ మిగిలాడు. నాలుగోవాడిగా కొలరాడో కేల్ మకార్ని తీసుకుంటే నేను రాసింది: "ఆల్బర్టాలో రెండో శ్రేణి జూనియర్ లీగ్‌లో ఆడే పిల్లాడు. మన వీధి క్రికెట్‌లో సెంచరీ కొట్టాడని టెస్టుకి తీసుకున్నట్టుంది." మకార్‌కి ఇప్పటికి కాల్డర్ ఒకటి, నోరిస్‌లు (ఉత్తమ డిఫెన్స్‌మన్ ట్రోఫీ) రెండు, 2022 స్టాన్లీ కప్‌తో (లీగ్ విజేత కప్) పాటు కాన్ స్మైత్ (ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడి ట్రోఫీ). పాపం పాట్రిక్‌ని మైగ్రేన్ తలనొప్పి కుదురుగా ఆడనివ్వలేదు. అది ఎవరి తప్పూ కాదు, అతని మీద జోకులు వద్దు.

తగిలింది: అదే డ్రాఫ్ట్‌లో 39వ పిక్ జేసన్ రాబర్ట్‌సన్. స్కేటింగ్ బాగాలేదని అందరూ కిందకి నెట్టారు. డాలస్ స్టార్స్ ప్రాక్టీస్ రింక్ మా ఫ్రిస్కోలోనే. ఓ రోజు ఆఫీసులో లంచ్ టైం మింగేసి వెళ్ళి చూశా. నిజమే, పరిగెత్తడు. కానీ పక్ ఎక్కడికొస్తుందో అక్కడ ముందే ఉన్నాడు. మిగతావాళ్ళు మూడడుగులు వేసి చేరే చోట ఇతను వేసింది ఒక అడుగు. "కాళ్ళు నెమ్మదే, తల కాదు" అని రాశా. 2022-23లో 46 గోల్స్, 109 పాయింట్లు, డాలస్‌కి వచ్చాక ఫ్రాంచైజీలో ఒక సీజన్‌లో అన్ని పాయింట్లు ఎవరూ చెయ్యలేదు. లింకు ఉంది. లంచ్ అవర్ దాటి వచ్చినందుకు మేనేజర్ తిట్టింది కూడా గుర్తుంది.

నోవై నాగు:
పండగ చెడగొట్టడానికి వచ్చా, ఏమనుకోవద్దు.

మంచుగడ్డ గారు ఇచ్చిన లింకు నొక్కి ఆ పోస్టు మొత్తం చదివా. అందులో "ఈ నలుగురినీ చూస్తూ ఉండండి" అని నాలుగు పేర్లు ఉన్నాయి. హట్సన్ ఒకడు. మిగతా ముగ్గురి మాట ఎత్తరేం? నాలుగు రాళ్ళు విసిరి, కాయ రాలిన రాయిని మాత్రం దాచుకుంటే అందరం గురిచూసి కొట్టేవాళ్ళమే.

నాకూ ఆ జబ్బు ఉంది. 2019లో డెట్రాయిట్ ఆరో పిక్‌లో మోరిట్జ్ సైడర్ని తీసుకుంటే, ఆ జర్మన్ కుర్రాడే నోరెళ్ళబెట్టాడు, ఆ ముఖం ఇంకా వీడియోల్లో తిరుగుతుంది. చాలామంది లిస్టుల్లో పది దాటాకే అతని పేరు ఉంది. మా వాళ్ళంతా జనరల్ మేనేజర్ స్టీవ్ ఐజర్‌మన్‌కి పిచ్చి పట్టిందన్నారు. నేనొక్కణ్ణే "మంచి పిక్" అన్నా. 2022లో కాల్డర్. ఇక్కడ మూడేళ్ళు కాలరెగరేశా. కానీ నిజం చెప్పనా? నేను సైడర్ ఆడిన ఒక్క షిఫ్ట్ (మంచు మీదికి దిగిన విడత) కూడా చూడలేదు. ఐజర్‌మన్ మీద భక్తి, అంతే. ఆయన ఎవర్ని తీసుకున్నా అదే రాసేవాణ్ణి.

మా డెట్రాయిట్ పెద్దలు ఎప్పుడూ చెప్పే కథ ఒకటుంది: 1998లో 171వ పిక్ పావెల్ డాట్సుక్, 1999లో 210వ పిక్ హెన్రిక్ జెటర్‌బర్గ్, ఆహా ఏమి చూపు! చూపే, కాదనను. రష్యాకీ స్వీడన్‌కీ మనిషిని పంపి, మిగతావాళ్ళు చూడనివాణ్ణి చూశారు. కానీ అంత గొప్పవాడవుతాడని తెలిసుంటే 170 మంది వెళ్ళేదాకా ఎందుకు ఆగుతారు? అంతకుముందు మా వాళ్ళే వేరే పేర్లు చదివారు, ఆ పేర్లు ఒక్కటి చెప్పండి చూద్దాం.

మంచుగడ్డ (మాంట్రియల్):
దొరికిపోయా. మిగతా ముగ్గురి పేర్లు నేను కూడా మళ్ళీ వెతుక్కుని చదవాల్సొచ్చింది.

బ్రాంప్టన్ బాబాయ్:
నాగూ, నువ్వు చెప్పింది నిజమే కానీ జట్ల సంగతి వేరు. వాళ్ళకి జీతాలిచ్చి చూడమంటారు. 2015లో బోస్టన్‌కి వరసగా మూడు పిక్‌లు, 13, 14, 15. జాకుబ్ జ్‌బోరిల్, జేక్ డెబ్రస్క్, జాక్ సెనిషిన్. ఆ వెంటనే 16 మాథ్యూ బార్జల్, 17 కైల్ కానర్, 18 థామస్ షాబో. డెబ్రస్క్ పర్లేదు, మంచి ఆటగాడే. మిగతా ఇద్దరి మాటేంటి? రాస్క్‌ని ఎత్తుకుపోయినవాళ్ళకి ఆ మాత్రం తగలాల్సిందే.

పద్మజ_కాల్గరీ:
నాది తప్పూ ఒప్పూ కాదు, ఒకే కుర్రాడి మీద మూడుసార్లు మాట మార్చా.

2014, నాలుగో పిక్, సామ్ బెనెట్. డ్రాఫ్ట్‌కి ముందు ఫిట్‌నెస్ పరీక్షల్లో పుల్-అప్ ఒక్కటి కూడా తియ్యలేకపోయాడని దేశమంతా నవ్వింది. నేను పట్టుదలగా "పుల్-అప్‌లు చెయ్యడానికి తీసుకోలేదు, గోల్ ముందు గొడవపడటానికి తీసుకున్నాం, ప్లేఆఫ్స్ వచ్చినప్పుడు చూడండి" అని రాశా. 2016 జనవరిలో 19 ఏళ్ళకే ఒకే మ్యాచ్‌లో నాలుగు గోల్స్ కొట్టాడు. ఎవరి మీదో గుర్తుపెట్టుకోండి, ఫ్లోరిడా మీద. ఆ రాత్రి నేను మహారాణిని.

తర్వాత ఏళ్ళు గడిచాయి. మూడో లైన్, నాలుగో లైన్ (తక్కువసేపు ఆడే వరసలు), పెనాల్టీలు. 2021 ఏప్రిల్లో ఫ్లోరిడాకి ట్రేడ్ చేశారు. నేను రాసింది: "పోతే పోయాడు, రెండో రౌండ్ పిక్ వచ్చింది, ఎమిల్ హైనెమన్ వచ్చాడు. మా పెళ్ళినాటి మిక్సీ కంటే ఎక్కువ శబ్దం చేసి తక్కువ రుబ్బాడు." మిక్సీ మాట అందరికీ తెగ నచ్చింది, ఇప్పటికీ నన్ను మిక్సీ అక్క అనేవాళ్ళున్నారు. 2024లో కప్. 2025లో ఇంకో కప్, ప్లేఆఫ్స్‌లో 15 గోల్స్, కాన్ స్మైత్.

అంటే 2014లో నేను రాసింది అక్షరాలా జరిగింది, నేను అటువైపు లేనప్పుడు. ఇది తగిలినట్టా, తప్పినట్టా? నాగు గారూ, మీరే చెప్పండి.

ఇంకోటి. జానీ గాడ్రో, 2011, 104వ పిక్. ఐదడుగుల ఆరంగుళాలన్నారు అప్పట్లో. "పిట్ట కొంచెం కూత ఘనం" అని ఒకే ఒక్క ముక్క రాశా. 2014 ఏప్రిల్లో మొదటి ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్, మొదటి షాట్, గోల్. 2021-22లో 115 పాయింట్లు. ఈ నెల 29కి అతనూ తమ్ముడూ పోయి ఏడాది. ఆ లింకు మాత్రం ఇక్కడ పెట్టబుద్ధి కావట్లేదు.

ఎడ్మంటన్ ఎల్లారెడ్డి:
మేము మీ జట్టుని ఎంత తిట్టుకున్నా, అతను పక్ పట్టుకుంటే నేనూ నోరు మూసుకుని చూసేవాణ్ణి పద్మజ గారూ.

నోవై నాగు:
మీ బెనెట్ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. 2014 పోస్టు తగిలింది, 2021 పోస్టు తప్పింది, రెండూ రాసింది ఒకే మనిషి. మీ ఇద్దరికీ వేరే వేరే ఖాతాలు తెరవాలి.

చక్రి_విన్నిపెగ్:
లెక్క ఎప్పుడు ముగించాలన్నదే కదా అసలు గొడవ. దాని మీద నాకూ బ్రాంప్టన్ బాబాయ్‌కీ 2016 నుంచి కోర్టు కేసు నడుస్తోంది. జనం తీర్పు కావాలి.

2016 డ్రాఫ్ట్. టొరొంటోకి మొదటి పిక్ ఆస్టన్ మాథ్యూస్, మాకు రెండోది పాట్రిక్ లైనె. మాథ్యూస్ మొదటి మ్యాచ్‌లోనే నాలుగు గోల్స్ కొట్టాడు (మ్యాచ్ ఓడిపోయారు, అది బాబాయ్ చెప్పడు). ఆ రాత్రి బాబాయ్ గంతులేస్తుంటే నేను పందెం కట్టా: రెండు సీజన్లు అయ్యేసరికి ఎవరి గోల్స్ ఎక్కువైతే వాళ్ళకి మటన్ బిర్యానీ, ఫ్యామిలీ ప్యాక్. లైనె 36, 44, మొత్తం 80. మాథ్యూస్ 40, 34, మొత్తం 74. 2018 వేసవిలో బ్రాంప్టన్ వెళ్ళి, బాబాయ్ ఇంట్లో, బాబాయ్ డబ్బుతో తిన్నా. ఆ నవంబరులో లైనె ఒక్క నెలలో 18 గోల్స్ కొట్టాడు, సెయింట్ లూయిస్ మీద ఐదు షాట్లకి ఐదు గోల్స్. "ఇక ఈ చర్చ ముగిసింది" అని ఇక్కడ పెద్ద అక్షరాలతో రాశా.

తర్వాత ఏమైందో మీకు తెలుసు. 2021 జనవరిలో లైనె కొలంబస్‌కి పోయాడు, బదులుగా వచ్చినవాడు అదే డ్రాఫ్ట్‌లో మూడోవాడు పియర్-లూక్ దుబ్వా. మాథ్యూస్ ఒక ఏడాది 60, ఇంకో ఏడాది 69 కొట్టాడు. ఇప్పుడు బాబాయ్ ఆ బిర్యానీ తిరిగివ్వమంటున్నాడు. ఏడేళ్ళ కిందట అరిగిపోయిన బిర్యానీ!

బ్రాంప్టన్ బాబాయ్:
జనానికి పూర్తిగా చెప్పు చక్రీ. మాథ్యూస్ రెండో ఏడాది గాయాలతో 20 మ్యాచ్‌లు ఆడలేదు. ఆడి ఉంటే ఆ ఆరు గోల్స్ ఎంతసేపు? పైగా నువ్వు రెండుసార్లు రైతా వేయించుకున్నావు.

ఫ్రిస్కో శీను:
పందెం అంటే పందెమే బాబాయ్. రెండు సీజన్లన్నారు, రెండు సీజన్లు అయ్యాయి. చక్రికి బిర్యానీ న్యాయం. కానీ నవంబరులో "చర్చ ముగిసింది" అన్నాడు చూడండి, అక్కడ వేరే పందెం మొదలైనట్టు, అది ఓడాడు.

రింక్ నాన్న (మిసిసాగా):
చాలా రోజులుగా చదవడమే, రాయడం లేదు. ఇవాళ రాస్తున్నా.

2015లో టొరొంటో నాలుగో పిక్‌లో మిచ్ మార్నర్‌ని తీసుకున్నప్పుడు నేను ఇక్కడ వేరే పేరుతో ఉండేవాణ్ణి. నాకు డిఫెన్స్‌మన్ నోవా హానిఫిన్ కావాలి. ఒంటారియోలోని జూనియర్ జట్టు లండన్ నైట్స్ తరఫున మార్నర్ ఆ ఏడాది 126 పాయింట్లు చేశాడని తెలుసు. తెలిసీ రాశా: "ఈ బక్కపిల్లాణ్ణి ఎవడైనా గోడకేసి నొక్కితే పోస్టర్ అయిపోతాడు. జూనియర్స్‌లో పాయింట్లు ఎవరైనా చేస్తారు, సైజు నేర్పితే రాదు." చివరి ముక్క నాకు బాగా నచ్చి రెండు మూడు చోట్ల వాడుకున్నా కూడా. ప్లేఆఫ్స్‌లో మార్నర్ ఎలా ఆడాడన్నది వేరే గొడవ, దానికి ఇక్కడ వంద పేజీలున్నాయి. కానీ మొన్న సీజన్‌లో 102 పాయింట్లు చేసి వెగాస్ వెళ్ళేదాకా అతన్ని ఎవడూ పోస్టర్ చెయ్యలేదు.

మా వాడికి 11. ఈ ఏప్రిల్లో ట్రైఅవుట్స్‌కి వెళ్ళాడు. మూడు రోజులు, పొద్దున్నే లేచి. స్కేట్ లేసులు ఇప్పటికీ నేనే కడతా, వాడి వేళ్ళకి అంత బిగువు రాదు. మోకాళ్ళ మీద కూర్చుని లాగి కడుతుంటే వాడు నా తల మీద గ్లవ్ పెట్టి బ్యాలెన్స్ చేసుకుంటాడు. మూడో రోజు కోచ్ పక్కకి పిలిచి మర్యాదగానే చెప్పాడు: "చేతులు బాగున్నాయి, ఆట తెలుసు. సైజు లేదు. సైజు మేం నేర్పలేం." ఒక్క నిమిషం నా పోస్టు నాకే ఎవరో చదివి వినిపించినట్టు అనిపించింది. కార్లో వాడు "ఏమన్నాడు నాన్నా?" అంటే "వచ్చే ఏడాది రమ్మన్నాడు" అన్నా. అలా అనలేదు.

పద్మజ_కాల్గరీ:
అన్నా, వాణ్ణి ఆడనివ్వు. కానీ ఒక్క మాట చెప్తా, కోపం తెచ్చుకోకు. నేను గాడ్రో గురించి రాసినప్పుడల్లా పొట్టి పిల్లలున్న తల్లిదండ్రులు నాకు మెసేజ్‌లు పెడతారు. గాడ్రో ఒక్కడు. అదే ఎత్తుతో అదే ఏడాది ఆగిపోయినవాళ్ళు ఎంతమందో మనకి తెలియదు, వాళ్ళ మీద ఎవరూ పోస్టులు రాయరు. కోచ్ తప్పనీ అనను, ఒప్పనీ అనను. లేసులు మాత్రం కట్టు.

రింక్ నాన్న (మిసిసాగా):
కోపం లేదు పద్మజా. వాడు కింది డివిజన్ జట్టులో ఆడుతున్నాడు, బానే ఉన్నాడు. నాకే ఎక్కువ.

చక్రి_విన్నిపెగ్:
మా వాడు కానర్ హెలెబక్ 2012లో 130వ పిక్. ఇప్పుడు మూడు వెజినాలు, ఒక హార్ట్. గోలీల విషయంలో ఎవరి లెక్కా పని చెయ్యదు. మీవాడికి ప్యాడ్లు కట్టి చూడండి అన్నా.

రింక్ నాన్న (మిసిసాగా):
ఆ ప్యాడ్ల ధర ఎంతో తెలుసా తమ్ముడూ?

గుంటూరు గోపి:
మీరంతా ఇంత ఓపెన్‌గా చెప్తుంటే నాకూ చెప్పాలనిపించింది. మా హాకీలోదే, పర్లేదా?

2016 డిసెంబరు 18, లక్నో, జూనియర్ వరల్డ్ కప్ ఫైనల్. బెల్జియం మీద 2-1 గెలిచాం. టీవీలో చూస్తూ మా తమ్ముడితో పందెం కాసినట్టు చెప్పా: కెప్టెన్ హర్జీత్ సింగ్ రాబోయే పదేళ్ళు సీనియర్ జట్టుకి గుండెకాయ. డ్రాగ్‌ఫ్లిక్ కొట్టే హర్‌మన్‌ప్రీత్ సింగ్ గురించి "వీడు పెనాల్టీ కార్నర్‌కి తప్ప పనికిరాడు" అన్నా. టోక్యోలో కాంస్యం గెలిచిన జట్టులో హర్జీత్ లేడు. ఆ జూనియర్ జట్టు వాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళలో హర్‌మన్‌ప్రీత్ ఒకడు. పారిస్‌కి అతనే కెప్టెన్, 10 గోల్స్, మళ్ళీ కాంస్యం. మా తమ్ముడు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి "గుండెకాయ ఎలా ఉందిరా?" అంటాడు.

నోవై నాగు:
గోపి గారూ, మీరిక మావాళ్ళే.

మంచుగడ్డ (మాంట్రియల్):
సరే, కొత్త అప్పులు చేద్దాం. ఈ జూన్‌లో న్యూయార్క్ ఐలాండర్స్ మొదటి పిక్‌లో డిఫెన్స్‌మన్ మాథ్యూ షేఫర్‌ని తీసుకున్నారు. వరల్డ్ జూనియర్స్‌లో కాలర్‌బోన్ విరిగి, ఆ సీజన్‌లో జూనియర్ జట్టు ఈరీ తరఫున ఆడింది 17 మ్యాచ్‌లే. తలా ఒక్క లైను రాయండి. తర్వాత ఎవరూ ఎడిట్ చెయ్యకూడదు. ఎప్పుడు తీర్పు చెప్పాలో కూడా రాయాలి, లేకపోతే మళ్ళీ బిర్యానీ కేసవుతుంది.

ఎడ్మంటన్ ఎల్లారెడ్డి:
మొదటి ఏడాదే ఆడతాడు, బాగానే ఆడతాడు. తీర్పు 300 మ్యాచ్‌ల తర్వాత. ఈసారి జెర్సీ కొనను.

ఫ్రిస్కో శీను:
నాకు భయం. 17 మ్యాచ్‌లు చూసి డిఫెన్స్‌మన్‌ని మొదటి పిక్కా? మొదటి ఏడాది మళ్ళీ జూనియర్స్‌కి పంపుతారు. తీర్పు వచ్చే జూన్. మకార్ విషయంలో నన్ను తిట్టినవాళ్ళు ఇప్పుడే తిట్టేసుకోండి.

పద్మజ_కాల్గరీ:
గొప్పవాడవుతాడు. 2030. మధ్యలో నేను మాట మారిస్తే ఇదే లెక్క, అది లెక్కలోకి రాదు.

నోవై నాగు:
ఒక్క షిఫ్ట్ కూడా చూడలేదు. కాబట్టి రాయను.

గుంటూరు గోపి:
నేనూ చూడలేదు. గొప్పవాడవుతాడు.

బ్రాంప్టన్ బాబాయ్:
పోగీ తర్వాత నేను ఎవరి గురించీ చెప్పనని ఒట్టేసుకున్నా. చక్రీ, డిసెంబరులో మా ఇంటికి వస్తున్నావా లేదా?

చక్రి_విన్నిపెగ్:
వస్తున్నా. బిర్యానీ నేనే తెస్తా. రైతా నువ్వు చేయించు.